డాలస్‌లో ఇల్లు, ఒహాయోలో కాంట్రాక్టు: హోటల్, భోజనం ఖర్చులు ఎంతవరకు చూపించుకోవచ్చు?

మీ ప్రశ్నని ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. మీ కుటుంబం డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉంటుంది. గ్రీన్‌కార్డు ఉంది, సొంత సింగిల్ మెంబర్ ఎల్ఎల్‌సీ (మీరొక్కరే యజమానిగా ఉన్న కంపెనీ) మీద సీ2సీ, అంటే కంపెనీకీ కంపెనీకీ మధ్య జరిగే, కాంట్రాక్టులు చేస్తారు. ఇంతకుముందు చేసినవి డాలస్ చుట్టుపక్కలే. ఇప్పుడు ఒహాయోలో 9 నెలల పని దొరికింది. సోమవారం పొద్దున్నే ఫ్లైటెక్కి వెళ్ళి గురువారం రాత్రికి ఇంటికొస్తారు, శుక్రవారం ఇంటి నుంచే పని. క్లయింటు ఖర్చులు విడిగా ఇవ్వడు, అన్నీ గంట రేటులోనే. హోటలూ, తిండీ పన్నులో ఎంత చూపించుకోవచ్చు, ప్రతి కాఫీ రసీదూ దాచాలా లేక రోజుకింత అని వేసుకోవచ్చా, డబ్ల్యూ-2 మీద, అంటే జీతానికి ఉద్యోగం చేస్తున్న మీ స్నేహితుడికి రూముకీ తిండికీ కలిపి పర్ డియం (రోజుకింత అని ఇచ్చే ఖర్చు) ఇస్తుంటే మీకెందుకు కుదరదు అనేవి మీ సందేహాలు.

సూటిగా జవాబు: చూపించుకోవచ్చు. హోటలుకి నిజంగా కట్టిన మొత్తం, బిల్లు ఉంటే, పన్ను పడే ఆదాయంలోంచి పూర్తిగా తగ్గుతుంది. భోజనానికి బిల్లులు లేకపోయినా జీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ ప్రకటించే రోజువారీ రేటు వేసుకోవచ్చు, కానీ అందులో సగమే తగ్గుతుంది. హోటలుకి మాత్రం రోజుకింత అనే లెక్క మీలాంటి స్వయం ఉపాధి వాళ్ళకి లేదు. ఇదంతా రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. మీ టాక్స్ హోమ్ ఫ్రిస్కోయే అయి ఉండాలి. ఒహాయో పని ఏడాది లోపే ముగుస్తుందని నిజాయితీగా అనుకోగలగాలి. చాలామంది రసీదుల గురించే దిగులుపడతారు. ఆడిట్‌లో క్లెయిమ్ మొత్తంగా కొట్టుకుపోయేది ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే. అందుకని ముందు వాటి సంగతే చెప్తాను.

టాక్స్ హోమ్ అంటే మీ ఇల్లు కాదు

అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ భాషలో టాక్స్ హోమ్ అంటే మీ ప్రధానమైన పని జరిగే ఊరు, దాని చుట్టుపక్కల ప్రాంతం. భార్యాపిల్లలు ఎక్కడున్నారు, ఇంటి మార్ట్‌గేజ్ ఎక్కడ కడుతున్నారు అన్నది రెండో ప్రశ్న. 1946లో అమెరికా సుప్రీంకోర్టు ఫ్లవర్స్ కేసులో ఈ విషయం తేల్చింది. ఫ్లవర్స్ అనే ఆయన లాయరు. కాపురం మిసిసిపీలోని జాక్సన్‌లో, ఉద్యోగం అలబామాలోని మోబీల్‌లో, ఒక రైల్వే కంపెనీలో. జాక్సన్ వదలడం ఇష్టంలేక రెండు ఊళ్ళ మధ్య తిరుగుతూ ఆ ఖర్చులు చూపించాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఆ ప్రయాణాలు ఆయన వీలు కోసం జరిగాయి తప్ప వ్యాపార అవసరం కోసం కాదు అంది. ప్రయాణ ఖర్చుకి కావలసిన మూడు షరతులు ఇప్పటికీ అక్కడివే: ఖర్చు సబబైనదీ అవసరమైనదీ అయ్యుండాలి, ఊరు వదిలి ఉన్నప్పుడు జరగాలి, వ్యాపార అవసరం వల్ల జరగాలి.

మీ వృత్తిలాగా ఒకచోట స్థిరమైన పని లేనివాళ్ళ విషయంలో ఐఆర్ఎస్ మూడు అంశాలు చూస్తుంది. ఒకటి, ఇల్లున్న ప్రాంతంలో కూడా కొంత పని చేస్తూ, ఆ సమయంలో ఆ ఇంట్లోనే ఉంటున్నారా? రెండు, పనికోసం బయట ఉండాల్సి రావడం వల్ల రెండుచోట్లా నివాస ఖర్చు పడుతోందా? మూడు, ఆ ఊరితో సంబంధం తెంచుకోలేదనడానికి కుటుంబం అక్కడే ఉండటమో, మీరు తరచూ ఆ ఇంట్లో ఉండటమో కనిపిస్తోందా? మూడూ ఉంటే టాక్స్ హోమ్ అక్కడే. రెండుంటే పరిస్థితులన్నీ చూసి తేలుస్తారు. ఒక్కటే ఉంటే మిమ్మల్ని సంచారిగా లెక్కేస్తారు. సంచారికి టాక్స్ హోమ్ ఎప్పుడూ తనతోనే ఉంటుంది కాబట్టి ఊరు వదిలి ఉండటమన్నదే జరగదు, ప్రయాణ ఖర్చూ ఉండదు.

మీకు రెండోదీ మూడోదీ స్పష్టంగా ఉన్నాయి. మొదటిదాన్ని గట్టి చేసుకోండి. శుక్రవారాలు ఫ్రిస్కో నుంచి చేసే పనిని టైమ్‌షీట్‌లో ఆ రోజు లొకేషన్‌తో సహా నమోదు చేయండి. ఇన్వాయిస్‌లు, ఖాతా పుస్తకాలు అక్కడినుంచే నడపండి. డాలస్ క్లయింట్లకి చేసిన పాత కాంట్రాక్టుల కాగితాలు, ఈ తొమ్మిది నెలల్లో అక్కడి పని కోసం చేసిన ప్రయత్నాల ఈమెయిళ్ళు తీసిపారేయకండి. శనివారం చేసే చిన్న కన్సల్టింగ్ పని ఒకటి ఉన్నా మంచిదే.

మనవాళ్ళలో తరచుగా కనిపించే తప్పు ఇంకొకటి ఉంది. ప్రాజెక్టు రాగానే అపార్ట్‌మెంటు ఖాళీ చేసి, సామాను స్నేహితుడి గరాజ్‌లో పెట్టి, ఉత్తరాలకి వాళ్ళ అడ్రసు ఇచ్చి, అదే టాక్స్ హోమ్ అని రాసేస్తారు. అది టాక్స్ హోమ్ కాదు. అక్కడ అద్దె కట్టడం లేదు, రెండుచోట్లా ఖర్చు లేదు, అక్కడ పనీ లేదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ అడ్రసు ఉన్నంత మాత్రాన ఏమీ మారదు. స్నేహితుడి ఇంట్లో ఒక గదికి బజారు అద్దె నెలనెలా కడుతూ నిజంగా వచ్చిపోతూ ఉంటే వాదించవచ్చు. అప్పుడు ఆ స్నేహితుడు ఆ అద్దెని తన రిటర్నులో ఆదాయంగా చూపించాలి. ఇద్దరి కాగితాలూ ఒకే మాట చెప్పాలి.

ఏడాది నిబంధన

ఒకేచోట పని ఏడాదికి మించదని వాస్తవంగా అనుకుంటూ, అది నిజంగానే ఏడాది లోపు ముగిస్తే ఆ పని తాత్కాలికం, ఖర్చులు చెల్లుతాయి. ఏడాది దాటుతుందని మొదటినుంచీ తెలిస్తే ఒక్క రోజు ఖర్చు కూడా చెల్లదు, మధ్యలో నాలుగో నెలకే పని ఆగిపోయినా సరే. ఐఆర్ఎస్ రెవెన్యూ రూలింగ్ 93-86 చెప్పేది ఇదే.

కష్టమంతా ఎక్స్‌టెన్షన్ల దగ్గర వస్తుంది. మీ 9 నెలల పని ఎనిమిదో నెలలో మరో ఏడు నెలలు పెరిగిందనుకుందాం. మొదటి ఎనిమిది నెలల ఖర్చులకి ఢోకా లేదు. పెరుగుతుందని మీకు తెలిసిన రోజు నుంచి మాత్రం ఒహాయో మీ టాక్స్ హోమ్ అయిపోతుంది. పన్నెండో నెల దాకా ఆగే పనిలేదు, ఆ రోజు నుంచే ఖర్చులు చెల్లవు. సంతకం అయ్యాకే తెలిసిందని చెప్పడం కూడా అన్నిసార్లూ నిలవదు. మేనేజరు నెల ముందే ఈమెయిల్లో చెప్పి ఉంటే తెలిసిన తేదీ అదే. ఆ తేదీ ఫైల్లో రాసిపెట్టుకోండి.

ఆరు నెలలకోసారి రెన్యూ చేసే కాంట్రాక్టులున్నవాళ్ళు, కాగితం మీద ఎప్పుడూ ఆరు నెలలే కదా, ఏడాది దాటదు కదా అంటారు. చూసేది కాగితాన్ని కాదు, మీ అంచనాని. రెండేళ్ళ ప్రోగ్రామ్ కోసం తీసుకున్నారని ఇంటర్వ్యూలోనే చెప్పి ఉంటే ఆరు నెలల ముక్కలుగా కోసినా అది నిరవధికమే. ఇంకో విషయం, లెక్క ఊరికి, క్లయింటుకి కాదు. ఒహాయోలోని కొలంబస్‌లో ఒక క్లయింటు దగ్గర ఎనిమిది నెలలు చేసి, అదే ఊళ్ళో మరో క్లయింటుకి మారితే గడియారం మళ్ళీ మొదటికి వస్తుందని నమ్ముకోకండి. మధ్యలో మూడు వారాలు సెలవు పెట్టి ఇండియా వెళ్ళొచ్చినా అంతే.

హోటల్ లెక్క

ఇక్కడ గజిబిజి లేదు. రాత్రి నిద్ర లేదా విశ్రాంతి అవసరమయ్యేంత సేపు టాక్స్ హోమ్ వదిలి ఉంటే, కట్టిన గది అద్దె, దాని మీద పన్ను మొత్తం వ్యాపార ఖర్చే. జీఎస్ఏ రేటు కన్నా ఎక్కువైనా తక్కువైనా మీరు కట్టిందే లెక్క. మరీ విలాసంగా ఉండకూడదంతే.

బిల్లు విషయంలో మాత్రం జాగ్రత్త. బసకి ఎంత చిన్న మొత్తమైనా రసీదు కావాలి. ఇతర ప్రయాణ ఖర్చులకి 75 డాలర్ల లోపు రసీదు లేకపోయినా రాత నమోదు చాలు, బసకి ఆ వెసులుబాటు లేదు. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ డబ్బు కట్టినట్టు చెప్తుంది కానీ ఎన్ని రాత్రులో, అందులో గది ఎంతో, రెస్టారెంటు ఎంతో చెప్పదు. హోటల్ పేరు, ఊరు, తేదీలు, గది, పన్ను, భోజనం విడివిడిగా ఉండే ఫోలియో తీసుకోవాలి. ట్రావెల్ సైట్లలో ముందే డబ్బు కట్టి బుక్ చేస్తే చెకౌట్ దగ్గర సున్నా బిల్లు ఇస్తారు లేదా అసలేమీ ఇవ్వరు. అందుకని హోటల్ సొంత సైట్లో బుక్ చేయడం మేలు. లేదంటే ట్రావెల్ సైట్ ఇన్వాయిస్, హోటల్ ఇచ్చే బస ధ్రువీకరణ రెండూ కలిపి దాచండి. ఆరు నెలల తర్వాత అడిగితే ఫోలియో దొరకకపోవచ్చు. గురువారం గది ఖాళీ చేసేటప్పుడే ఈమెయిల్ చేయించుకోవడం అలవాటు చేసుకోండి.

వారానికి మూడు రాత్రులకన్నా నెలవారీగా ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్ గానీ చిన్న అపార్ట్‌మెంటు గానీ తీసుకోవడం చవకైతే అలాగే చేయండి. అద్దె, కరెంటు, ఇంటర్నెట్, ఫర్నిచర్ అద్దె బస ఖర్చు కిందే వస్తాయి. చాలా రాష్ట్రాల్లో ఒకేచోట 30 రోజులు దాటి ఉంటే హోటల్ పన్ను కూడా పడదు, ముందే రాతపూర్వకంగా చెప్పుకోవాలి. కానీ పన్నెండు నెలల లీజు మీద సంతకం పెట్టకండి. 9 నెలల పనికి 12 నెలల లీజు చూస్తే ఏడాది పైన ఉంటానని మీరే అనుకున్నట్టు కనిపిస్తుంది. నెలనెలా లీజు కొంచెం ఖరీదైనా అదే సురక్షితం.

వేసవి సెలవుల్లో భార్యాపిల్లలు వచ్చి ఉంటే మీ ఒక్కరికి అయ్యే గది ధరే మీ ఖర్చు. సింగిల్ రూము 120, పెద్ద రూము 150 అయితే 120 రాసుకోండి. ఒంటరిగా ఉన్నా అదే గది, అదే ధర అయితే పూర్తిగా రాసుకోవచ్చు. వాళ్ళ టికెట్లు, భోజనం మాత్రం రావు. అక్కడున్న చుట్టాలింట్లో ఉచితంగా ఉంటే ఖర్చే లేదు, రాసుకునేదీ లేదు. పచ్చళ్ళో బహుమతో ఇచ్చి దాన్ని బస ఖర్చు అనకూడదు.

భోజనం: రోజువారీ రేటు

భోజనానికి రెండు దారులు: ప్రతి రసీదూ దాచి అసలు ఖర్చు చూపించడం, లేదా జీఎస్ఏ వాళ్ళ భోజనం, చిల్లర ఖర్చుల రేటు వేసుకోవడం. రెండోది మీకు కుదురుతుంది. ఆ రేటు ఊరిని బట్టి మారుతుంది. ప్రత్యేకంగా పేరులేని ఊళ్ళకి మామూలు రేటు 2024 అక్టోబరు 1 నుంచి రోజుకి 68 డాలర్లు, 2025 అక్టోబరులోనూ అదే కొనసాగింది. ఖరీదైన ఊళ్ళకి 74, 80, 86, 92 అనే మెట్లున్నాయి. జీఎస్ఏ సైట్లో మీరు పనిచేసే చోటి జిప్ కోడ్, తేదీ ఇస్తే మీ మెట్టు ఏదో తెలుస్తుంది, ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. రేట్లు అక్టోబరు 1న మారతాయి, మీ పన్ను సంవత్సరం జనవరిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పాత రేటు వాడినా కొత్తది వాడినా ఫరవాలేదు, ఆ మూడు నెలలూ ఒకటే వాడాలి.

బయలుదేరిన రోజుకీ తిరిగొచ్చిన రోజుకీ ముప్పాతిక, అంటే 75 శాతం. మీ వారం లెక్క 68 రేటు ఊళ్ళో ఇలా ఉంటుంది: సోమవారం 51, మంగళ, బుధవారాలు 68 చొప్పున 136, గురువారం 51, మొత్తం 238 డాలర్లు. అందులో 50 శాతం, అంటే 119 డాలర్లు తగ్గుతుంది. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఇంట్లో తిన్న అన్నానికి ఏమీ రాదు, శుక్రవారం ఆఫీసు పని చేసినా సరే.

36 వారాలకి భోజనం తగ్గింపు 4,284 డాలర్లు. హోటల్ రాత్రికి పన్నుతో కలిపి 130 అనుకుంటే వారానికి 390, 36 వారాలకి 14,040. రెండూ కలిపి 18,324 డాలర్లు. ఇది షెడ్యూల్ సీ అనే సొంత వ్యాపారపు ఫారంలో తగ్గుతుంది కాబట్టి ఆదాయపు పన్నుతో పాటు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కూడా తగ్గుతుంది. 22 శాతం శ్లాబులో, సోషల్ సెక్యూరిటీ పన్ను పడే ఆదాయ పరిమితి లోపల ఉన్నవాళ్ళకి అన్ని సర్దుబాట్లూ పోను ముప్ఫై శాతం అటూ ఇటూగా, అంటే దాదాపు 5,500 డాలర్లు మిగులుతుంది. విమాన టికెట్లు దీనికి అదనం.

రోజువారీ రేటు గురించి మనవాళ్ళకి తెలియని ముఖ్యమైన సంగతి: మీరు అంత ఖర్చు పెట్టనక్కర్లేదు. ఎక్స్‌టెండెడ్ స్టేలో కుక్కర్ పెట్టుకుని అన్నం, పప్పు వండుకుని రోజుకి 15 డాలర్లలో గడిపినా 68 రేటు మీదే. శాకాహారులకీ వండుకునేవాళ్ళకీ ఈ పద్ధతి చాలా లాభం. దీనికి భిన్నంగా రోజూ క్లయింటు బృందంతో ఖరీదైన హోటళ్ళలో తినాల్సి వచ్చి సగటు 68 దాటుతుంటే అసలు రసీదుల పద్ధతి మేలు. ఏడాది మొదట్లో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే పట్టుకుంటే చిక్కులుండవు.

ఆ రేటులో ఏమేం కలిసున్నాయో చూసుకోండి. మూడు పూటల భోజనం, వాటి పన్ను, టిప్పులు, హోటల్ సిబ్బందికీ సామాను మోసేవాళ్ళకీ ఇచ్చే టిప్పులు అందులోవే, వాటిని మళ్ళీ విడిగా రాయకూడదు. బట్టలు ఉతికించుకున్న ఖర్చు మాత్రం ఇందులో లేదు, దాన్ని ప్రయాణ ఖర్చుగా పూర్తిగా చూపించవచ్చు. ఇది చాలామంది వదిలేస్తారు.

2021, 2022 సంవత్సరాల్లో రెస్టారెంటు భోజనం నూరు శాతం చెల్లేది. ఆ గడువు ముగిసింది. పాత వ్యాసాలు చదివి ఇప్పుడు పూర్తి మొత్తం వేస్తే తప్పవుతుంది. 80 శాతం అని కూడా ఎక్కడో చదివి ఉంటారు. అది రవాణా శాఖ పనిగంటల నిబంధనలకి లోబడే ట్రక్కు డ్రైవర్ల లాంటివాళ్ళకి, మనకి కాదు.

వారాంతం ఇంటికి రావడం

సెలవు రోజుల్లో ఇంటికొచ్చే విమానం ఖర్చుకి ఒక పరిమితి ఉంది. అక్కడే ఉండిపోతే ఎంత ఖర్చయ్యేదో అంతవరకే చెల్లుతుంది. మీరు గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రాత్రులు అక్కడే ఉంటే హోటలుకే 520 అయ్యేది, భోజనం అదనం. రానుపోను టికెట్ 300 అయితే మొత్తం చెల్లుతుంది. పండగ రోజుల్లో టికెట్ 800 పెట్టి కొంటే పరిమితి దగ్గర ఆగిపోవాలి. అపార్ట్‌మెంటు నెలవారీగా తీసుకుని ఉంటే ఇది ఇంకా బిగుసుకుంటుంది. గది అద్దె ఎలాగూ చూపిస్తున్నారు కాబట్టి ఇంటి ప్రయాణానికి మిగిలే పరిమితి ఆ రోజుల భోజనం ఖర్చంతే. వారం వారం ఇంటికొచ్చేవాళ్ళు అపార్ట్‌మెంటు తీసుకునే ముందు ఈ లెక్క వేసి చూడాలి.

వారాంతం రాకుండా అక్కడే ఉండిపోతే, శుక్రవారం పని, మళ్ళీ సోమవారం పని ఉన్నప్పుడు, మధ్యలోని శని, ఆదివారాల హోటల్, భోజనం రెండూ చెల్లుతాయి. ఇంటి నుంచి డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టుకి సొంత కారు మైలేజీ (2025లో మైలుకి 70 సెంట్లు), పార్కింగ్, టోల్, అక్కడ అద్దె కారు, హోటల్ నుంచి క్లయింటు ఆఫీసుకి ఊబర్ కూడా రాసుకోండి. కారు ఖర్చు షెడ్యూల్ సీ ఫారంలో వేరే చోట, 9వ లైనులో వెళ్తుంది. టికెట్లు, హోటల్, అద్దె కారు, లాండ్రీ 24ఏ లైనులో. భోజనంలో సగం 24బీలో. సాఫ్ట్‌వేర్ పూర్తి భోజనం అడిగి తానే సగం చేస్తుందో, మీరే సగం చేసి ఇవ్వాలో చూసుకోండి. రెండుసార్లు సగం చేసి పావు వంతే క్లెయిమ్ చేసిన రిటర్నులు కూడా ఉంటాయి.

నమోదు

ప్రయాణ ఖర్చుల విషయంలో చట్టం, సెక్షన్ 274(డి), అంచనాలని ఒప్పుకోదు. మిగతా వ్యాపార ఖర్చులకి కాగితం పోతే సబబైన అంచనాతో కోర్టులు కొంత ఇచ్చిన సందర్భాలున్నాయి. బసకీ భోజనానికీ ఆ దారి మూసుకుపోయింది. మొత్తం, తేదీ, చోటు, పని కారణం, ఈ నాలుగూ నమోదై ఉండాలి. రోజువారీ రేటు వాడేవాళ్ళకి మొత్తం చూపించే అవసరం తప్పుతుంది, మిగతా మూడూ తప్పవు. అంటే భోజనం రసీదు లేకపోయినా ఆ రోజు మీరు ఆ ఊళ్ళో పనిమీద ఉన్నారని నిరూపించాలి.

ఒక స్ప్రెడ్‌షీటు చాలు. వారానికో వరుస: వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ, ఊరు, క్లయింటు, ఏం పని, ఎన్ని రాత్రులు, హోటల్ బిల్లు నంబరు, వర్తించే భోజనం రేటు, విమానం, మైళ్ళు. ఆదివారం రాత్రి పది నిమిషాల పని. ఏప్రిల్‌లో కూర్చుని ఏడాది మొత్తం గుర్తు తెచ్చుకుని రాసిన లాగ్‌కి, వారం వారం రాసినదానికి తేడా ఆడిటర్‌కి వెంటనే తెలుస్తుంది: థాంక్స్‌గివింగ్ వారంలో కూడా నాలుగు రోజులు ప్రయాణం చేసినట్టుంటుంది, విమానం రద్దయిన సోమవారం కూడా భోజనం వేసి ఉంటుంది. కాంట్రాక్టు, ఎక్స్‌టెన్షన్ ఈమెయిళ్ళు, టైమ్‌షీట్లు, బోర్డింగ్ పాసులు ఒకే ఫోల్డర్లో పెట్టండి. మామూలుగా రిటర్ను దాఖలు చేసినప్పటి నుంచి మూడేళ్ళు దాచాలి. ఆదాయం నాలుగోవంతుకి మించి తక్కువ చూపించి ఉంటే గడువు ఆరేళ్ళకి పెరుగుతుంది. క్లెయిమ్ కొట్టేస్తే పన్ను, వడ్డీతో పాటు 20 శాతం జరిమానా పడే అవకాశం ఉంది.

మీ స్నేహితుడి పర్ డియం

ఆయన డబ్ల్యూ-2 ఉద్యోగి. ఆయన ఖర్చు ఆయన రిటర్నులో రాసుకోలేరు. ఉద్యోగుల సొంత ఖర్చుల తగ్గింపుని 2018 నుంచి ఆపేశారు, 2025 జూలైలో వచ్చిన చట్టం దాన్ని శాశ్వతం చేసింది. కాలిఫోర్నియా, న్యూయార్క్, పెన్సిల్వేనియా లాంటి కొన్ని రాష్ట్రాల రిటర్నుల్లో మాత్రం ఇంకా ఉంది. కాబట్టి ఆయనకున్న ఒకే దారి కంపెనీ ఇచ్చే రీయింబర్స్‌మెంట్. కంపెనీ అకౌంటబుల్ ప్లాన్ (ఖర్చుకి లెక్క చూపించి, మిగిలింది తిరిగిచ్చే ఏర్పాటు) కింద ఇస్తే బసకి కూడా రోజువారీ రేటు ఇవ్వొచ్చు, దానికి పన్ను పడదు. ఇది యజమాని ఉద్యోగికి ఇచ్చే విషయంలోనే ఉన్న సౌకర్యం. మీకు మీరే యజమాని కాబట్టి మీకు లేదు.

ఆయన సంతోషించే ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. టాక్స్ హోమ్, ఏడాది నిబంధనలు ఆయనకీ వర్తిస్తాయి. క్లయింటు ఊళ్ళోనే కాపురముంటూ పర్ డియం తీసుకుంటే అది జీతమే, పన్ను పడుతుంది. గంటకి 70 ఇచ్చే జీతాన్ని 50 జీతం, 20 పర్ డియం అని చీల్చడం చెల్లదని రెవెన్యూ రూలింగ్ 2012-25 చెప్తోంది. ప్రయాణం ఉన్నా లేకపోయినా చేతికొచ్చే మొత్తం మారకపోతే అది ఖర్చు తిరిగివ్వడం కాదు, జీతానికి వేసిన వేషం. హెచ్-1బీ మీదున్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఎల్‌సీఏలో (వీసా కోసం కంపెనీ కార్మిక శాఖకి ఇచ్చే దరఖాస్తులో) రాసిన వేతనం పేరోల్‌లో పన్ను కోతతో చెల్లించాలి, పర్ డియం అందులోకి లెక్కకి రాదు. తర్వాత గ్రీన్‌కార్డు దగ్గర డబ్ల్యూ-2 అంకె తక్కువ కనిపించి ఇబ్బంది పడేది ఉద్యోగే. ఇంకో మాట, మీరు చేసినట్టు సొంత ఎల్ఎల్‌సీ మీద 1099 పని (ఉద్యోగిగా కాక కాంట్రాక్టరుగా చేసే పని) హెచ్-1బీ మీదున్నవాళ్ళు చేయకూడదు. అది పన్ను ప్రశ్న కాదు, వీసా స్టేటస్ ప్రశ్న.

ఎల్ఎల్‌సీని ఎస్ కార్పొరేషన్‌గా మార్చి ఉంటే

మీరు ఆ విషయం చెప్పలేదు. మార్చి ఉంటే పైన చెప్పిన షెడ్యూల్ సీ దారి మీకు లేదు, మీరు మీ కంపెనీకి ఉద్యోగి. జేబులోంచి కట్టి ఊరుకుంటే తగ్గింపు ఎక్కడా రాదు. కంపెనీలో రాతపూర్వకమైన అకౌంటబుల్ ప్లాన్ పెట్టి, నెలనెలా ఖర్చుల రిపోర్టు ఇచ్చి, కంపెనీ ఖాతా నుంచి రీయింబర్స్‌మెంట్ తీసుకోవాలి. ఐఆర్ఎస్ చెప్పే సురక్షిత గడువులు: అడ్వాన్సు ఖర్చుకి 30 రోజుల లోపల, లెక్క 60 రోజుల్లో, మిగిలింది 120 రోజుల్లో తిరిగి ఇవ్వడం. 10 శాతం పైన వాటా ఉన్న యజమాని కాబట్టి బసకి రోజువారీ రేటు ఇక్కడా కుదరదు, అసలు బిల్లులే. డిసెంబరు 31 లోపే రీయింబర్స్‌మెంట్లు పూర్తిచేసుకోండి.

వచ్చే కాంట్రాక్టు రాసుకునేటప్పుడు

ఖర్చులు రేటులో కలిపేయడం వల్ల భోజనం మీద 50 శాతం కోత మీకు పడుతోంది. దాని బదులు రేటు కొంచెం తగ్గించుకుని, ప్రయాణ ఖర్చులు బిల్లుల మీద విడిగా తిరిగి ఇస్తామని కాంట్రాక్టులో రాయించుకుంటే, మీరు క్లయింటుకి తేదీలు, బిల్లులతో సరైన లెక్క ఇచ్చినంతవరకు ఆ మొత్తం మీ ఆదాయంలో చూపించనక్కర్లేదు. భోజనం సగం కోత కూడా క్లయింటుకే వెళ్తుంది. మధ్యలో ఇద్దరు వెండర్లు, అంటే మధ్యవర్తి కంపెనీలు, ఉన్న సీ2సీ గొలుసులో దీన్ని ఒప్పించడం కష్టమే కానీ అడగడం విలువైనదే. ఒకవేళ వెండర్ ఆ రీయింబర్స్‌మెంట్‌ని కూడా కలిపి 1099-ఎన్ఈసీ (మీకు చెల్లించిన మొత్తం చూపే ఫారం) ఇచ్చేస్తే, ఫారంలో ఉన్న పూర్తి అంకె ఆదాయంగా చూపించి, ఖర్చుల్ని షెడ్యూల్ సీలో తీసేయండి. ఫారం కన్నా తక్కువ ఆదాయం చూపిస్తే కంప్యూటర్ నోటీసు దానంతటదే వస్తుంది. డిసెంబరులోనే వెండర్ అకౌంట్స్ వాళ్ళకి ఈమెయిల్ పెట్టి 1099లో ఏ మొత్తం వేస్తున్నారో అడిగి తెలుసుకోండి, జనవరి నెలాఖరు తర్వాత సవరించిన ఫారం తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది.